స్పేసర్ లేని హబ్: ఓ ఎం.జి.బి. ముందు చక్రం బేరింగుల కేసు

చక్రం హబ్‌ని ఇరుసు మీద పట్టి ఉంచేది గాడులున్న క్యాసిల్ నట్. అది తిరిగిపోకుండా అడ్డంగా ఉండే స్ప్లిట్ పిన్ లాగేశాక దాని మీద సాకెట్ పెట్టబోతూ, అలవాటుగా ముందు వేళ్లతో తడిమి చూశాను. నట్ తిరిగింది. బొటనవేలు, చూపుడువేలు సరిపోయాయి. సీసా మూతలా తేలిగ్గా ఊడి చేతిలోకి వచ్చేసింది.

చాలా కార్లలో ఇది మామూలే. ముందు చక్రం టేపర్ బేరింగుల నట్‌ని బిగించి, కాస్త వెనక్కి వదిలి, పిన్ వేసేస్తారు. కానీ నా ముందున్నది ఎం.జి.బి. అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దీని నట్ మీద 54 నుంచి 95 న్యూటన్ మీటర్ల బిగువు ఉండాలి. పాత లెక్కలో 40 నుంచి 70 పౌండ్ ఫుట్. అది వేళ్లకే ఊడిందంటే లోపల ఉండాల్సిందేదో లేదన్నమాట. జబ్బేమిటో అక్కడే తెలిసిపోయింది. అది కారుకి ఎంత నష్టం చేసిందో తేల్చుకుని సరిచేయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

ఫిర్యాదు

కారు 1972 నాటి రోడ్‌స్టర్. కుడి చేతి స్టీరింగు, స్టీలు చక్రాలు. యజమాని చెప్పిన బాధలు రెండు. గంటకు అరవై కిలోమీటర్లు దాటితే ముందు నుంచి సన్నగా మొదలై, వేగంతో పాటు పెరిగే హోరు ఒకటి. దానికోసం టైర్లు మార్చి చూశారు, పోలేదు. రెండోదాన్ని ఆయన వేరే జబ్బుగా చెప్పుకొచ్చారు. "బ్రేకు మొదటిసారి తొక్కితే పెడల్ లోపలికి పోతోందండీ. వెంటనే మళ్లీ తొక్కితే గట్టిగా నిలబడుతోంది." బ్రేకు నూనెలో గాలి చేరిందని, దాన్ని తీయడానికి రెండుసార్లు బ్లీడ్ చేయించారు. మాస్టర్ సిలిండర్ కూడా కొత్తది వేయించారు. పెడల్ తీరు మారలేదు.

నేను అడిగింది ఒక్కటే. "పెడల్ లోపలికి పోయేది నేరుగా పోతున్నప్పుడా, మలుపులు తిరిగాకా?" ఆయన కాసేపు గుర్తు చేసుకుని, మలుపుల తర్వాతేనని చెప్పారు. సూటి రోడ్డు మీద బ్రేకు మొదటిసారికే పడుతుందట.

ఈ ఒక్క సమాధానంతో రెండు బాధలూ ఒకటైపోయాయి. చక్రం బేరింగు వదులైతే మలుపులో హబ్ ఒరుగుతుంది. హబ్‌కి బిగించిన డిస్కు కూడా దాంతోపాటే ఒరుగుతుంది. ఒరిగిన డిస్కు బ్రేకు ప్యాడ్లను, వాటి వెనకున్న పిస్టన్లను, వాటిని పట్టి ఉంచే కాలిపర్‌లోకి నెట్టేస్తుంది. తర్వాత బ్రేకు తొక్కితే ఆ మొదటి తొక్కుడంతా పిస్టన్లను తిరిగి డిస్కు దగ్గరకు తీసుకురావడానికే సరిపోతుంది. రెండో తొక్కుడుకి ఖాళీ ఉండదు కాబట్టి పెడల్ గట్టిగా నిలబడుతుంది. ఈ లక్షణం కనిపించగానే అందరూ బ్రేకు గొట్టాల వైపు చూస్తారు. చక్రం పట్టుకుని ఊపి చూడాలని తోచదు. మొదటి తొక్కుడుకి అందని బ్రేకు ప్రాణం మీదకి తెస్తుంది కాబట్టి ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

రోడ్డు మీద తీసుకెళ్లి చూశాను. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో పోతూ స్టీరింగుని కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు తిప్పాను. కుడికి తిప్పినప్పుడు హోరు పెరిగింది, ఎడమకు తిప్పితే దాదాపు అణిగిపోయింది. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది కాబట్టి అనుమానం ఎడమ ముందు చక్రం మీదకి వెళ్లింది. టైరు చప్పుడు రోడ్డు నునుపుని బట్టి మారుతుంది, బేరింగు చప్పుడు మోస్తున్న బరువుని బట్టి మారుతుంది. ఈ తేడా చెవికి అలవాటైతే సగం అనవసరపు ఖర్చులు తప్పుతాయి.

జాకీ వేసి, స్టాండు మీద నిలబెట్టి, గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట్ల టైరుని రెండు చేతులా పట్టుకుని ఊపాను. టక్కుమని ఆడింది. ఇక్కడ తొందరపడకూడదు. స్టీరింగు తిప్పినప్పుడు ఎం.జి.బి. ముందు చక్రాలు కింగ్‌పిన్లనే నిలువు పిన్నుల మీద పక్కకు తిరుగుతాయి. ఆ పిన్ను, బుష్షులు అరిగినా చక్రం ఇలాగే ఆడుతుంది. అందుకే యజమానిని లోపల కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కిపట్టమన్నాను. బ్రేకు తొక్కితే హబ్, అది తిరిగే ఇరుసు మొన అయిన స్టబ్ యాక్సిల్ ఒక్కటైపోతాయి కాబట్టి అప్పటికీ ఆడితే దోషం కింగ్‌పిన్‌ది, ఆగితే బేరింగుది. ఆగింది. చివరగా ఎడమ చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద ఆనించి, కుడి చేత్తో చక్రం తిప్పాను. చెవికి ఇంకా వినిపించని గరగర స్ప్రింగు ద్వారా వేళ్లకు అందుతుంది. ఇసుక నలిగినట్టు తగిలింది.

ఆ నట్ వేళ్లకు ఎందుకు ఊడకూడదు

కాలిపర్ విప్పి, రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగుకి వేలాడదీసి, గ్రీజు క్యాప్ తీసి, పిన్ లాగాను. నట్ సంగతి పైన చెప్పాను. హబ్ బయటకు లాగాక లోపల చూస్తే రెండు బేరింగుల మధ్య స్పేసర్ లేదు, షిమ్ ఒక్కటి కూడా లేదు.

దీని అర్థం తెలియాలంటే ఆ హబ్ కట్టుబడి తెలియాలి. అందులో రెండు టేపర్ రోలర్ బేరింగులుంటాయి. కారు లోపలి వైపున్నది పెద్దది, చక్రం ముఖం వైపున్నది చిన్నది. ఒక్కో బేరింగు రెండు ముక్కలు. హబ్‌లోకి బిగువుగా దిగే ఉక్కు వలయాన్ని కప్ అంటాం. రోలర్లతో సహా స్టబ్ యాక్సిల్ మీదకి జారేదాన్ని కోన్ అంటాం. రోలర్లు ఏటవాలుగా ఉంటాయి. వాటి ఏటవాలు గీతల్ని అలాగే పొడిగిస్తే అన్నీ ఇరుసు మధ్యరేఖ మీద ఒకే బిందువులో కలుస్తాయి. అందుకే ఈడ్చుకోకుండా దొర్లుతాయి. కారు బరువునీ, మలుపులో పక్కనుంచి వచ్చే తోపునీ రెంటినీ మోయగలవు. హెన్రీ టిమ్కెన్ టేపర్ రోలర్ బేరింగుకి పేటెంటు తీసుకున్నది 1898లో. ముందు చక్రాలకు ఇంత సరిపడే బేరింగు ఇంకోటి లేదని నా నమ్మకం.

హబ్‌లో ఈ రెండు బేరింగుల సన్నని వైపులు ఎదురెదురుగా ఉంటాయి. కోన్లు ఒకదాని వైపు ఒకటి జరిగితే రోలర్లు కప్‌లలో బిగుస్తాయి, ఎడంగా జరిగితే వదులవుతాయి. మామూలు కార్లలో ఈ దూరాన్ని నట్ నిర్ణయిస్తుంది. అందుకే అక్కడ నట్‌ని బిగించి వెనక్కి వదులుతారు.

ఎం.జి.బి.లో నట్‌కి ఆ పని లేదు. రెండు కోన్ల మధ్య గొట్టం లాంటి స్పేసర్ ఉంటుంది. దాని సన్నని మొన బయటి వైపు, ఆ మొనకీ బయటి కోన్‌కీ మధ్య కాగితాల్లాంటి షిమ్‌లు. నట్ బిగిస్తే బయటి కోన్, షిమ్‌లు, స్పేసర్, లోపలి కోన్, గ్రీజు బయటికి రాకుండా ఆపే సీల్ ఆనే కాలరు వరసగా ఒకదాన్నొకటి నొక్కుకుని స్టబ్ యాక్సిల్ భుజానికి ఆనుకుంటాయి. ఎంత బిగించినా రోలర్లు ఇరుక్కోవు. ఆ బిగువంతా స్పేసర్ మోస్తుంది. చక్రానికి ఎంత వదులుండాలో షిమ్‌ల మందం చెబుతుంది. షిమ్ చేరిస్తే వదులు పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. ఈ వదులునే ఎండ్ ఫ్లోట్ అంటాం. మాన్యువల్ ప్రకారం అది అంగుళంలో వెయ్యో వంతులు 2 నుంచి 4, అంటే 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లు.

ఇంత తతంగం ఎందుకంటే, స్టబ్ యాక్సిల్ చివరికి పోయేకొద్దీ సన్నబడే ఉక్కు మొన. మలుపులో అది కొద్దిగా వంగుతుంది, తిరిగి నిటారవుతుంది. కారు నడిచినన్నాళ్లూ ఇదే పని. దానికి ఒక గొట్టం తొడిగి, చివర నుంచి నట్‌తో బిగించి పట్టుకుంటే మొత్తం ఒకే దిమ్మెలా నిలబడుతుంది, వంగడం తగ్గుతుంది. కోన్లు కూడా ఇరుసు మీద కదలకుండా ఉంటాయి. స్పేసర్ తీసేస్తే ఈ రెండూ పోతాయి. అంతకుముందు ఈ కారుకి బేరింగులు మార్చిన చేతికి తెలిసింది మామూలు కార్ల పద్ధతి. షిమ్‌ల లెక్క కుదరక స్పేసర్‌ని పక్కన పెట్టేసి, నట్‌ని ఒక పట్టు బిగించి వదిలి, పిన్ వేసేసింది. స్పేసర్ లేకపోయినా ఏమీ కాదనేవాళ్లు నాకూ తెలుసు. వాళ్లతో నేను ఏకీభవించను. ఎందుకో ఈ కారులోంచి తీసిన బేరింగే చూపించింది.

పాత బేరింగు చెప్పిన సంగతులు

పాత బేరింగుని చెత్తబుట్టలో పారేసే ముందు పావుగంట దాని మీద పెట్టడం నా పద్ధతి. ముందు గ్రీజు. తేనె రంగులో ఉండాల్సింది నల్లగా మారింది. చిటికెడు తీసి తెల్లగుడ్డ మీద రుద్ది ఎండలో పట్టుకుంటే సన్నటి మెరుపు. అది ఉక్కు పొడి.

కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టాను. కంప్రెసర్ గాలితో బేరింగుని గిర్రున తిప్పే అలవాటు కొందరికి ఉంటుంది. అది ప్రమాదం. నూనె లేని రోలర్లు గీసుకుపోతాయి, వాటిని పట్టి ఉంచే కేజ్ పగిలితే ముఖానికి తగులుతాయి. పెద్ద బేరింగు కేజ్‌ని కోసి రోలర్లు విప్పి కోన్ దారిని భూతద్దంతో చూశాను. ఉక్కు పైపొర చేప పొలుసుల్లా లేచిపోయిన మచ్చలు మూడు కనిపించాయి. పెద్దది చిటికెన వేలి గోరంత ఉంది. అసలు సంగతి మచ్చలున్న చోట్లలో ఉంది.

ముందు చక్రంలో తిరిగేది హబ్, దాంతోపాటు కప్. స్టబ్ యాక్సిల్ తిరగదు, ఎం.జి.బి.లో దాని మీది కోన్ కూడా తిరగకూడదు. కారు బరువు ఎప్పుడూ ఒకే దిక్కున పడుతుంది కాబట్టి కోన్‌లో బరువు మోసేది అడుగు భాగం ఒక్కటే. అంచేత కోన్ అరిగితే అడుగున ఒకేచోట అరగాలి. కప్ మాత్రం చుట్టూ సమానంగా అరుగుతుంది. ఈ కోన్‌లో మూడు మచ్చలూ చుట్టూ మూడు దిక్కుల్లో ఉన్నాయి. అంటే కోన్ ఒకచోట నిలవలేదు. పట్టుకునే బిగువు లేక ఇరుసు మీద మెల్లమెల్లగా పాకుతూ తిరిగింది. ఒకచోట పొర లేచాక ఇంకాస్త తిరిగి మరోచోటు బరువు కిందకి వచ్చింది.

స్టబ్ యాక్సిల్ తుడిచి చూస్తే సాక్ష్యం సరిపోయింది. పెద్ద కోన్ కూర్చునే చోట ఉక్కు అద్దంలా మెరుస్తోంది, చుట్టూ గాజుల్లాంటి గీతలు.

బేరింగు కన్నా ఇరుసుని చూసి ఎక్కువ కంగారుపడ్డాను. మైక్రోమీటరు పెట్టి మెరుస్తున్న చోటునీ, దాని పక్కన అరగని చోటునీ కొలిచాను. తేడా 0.01 మిల్లీమీటరు. గోరు అడ్డంగా లాగితే మెట్టు తగల్లేదు. కొత్త కోన్ తొడిగి చూస్తే చేత్తో జారింది గానీ అటూ ఇటూ ఊగలేదు. తర్వాత పగుళ్ల పరీక్ష. ఇరుసు మొదలు, అంటే భుజం దగ్గర గుండ్రంగా మలుపు తిరిగే చోటు బాగా శుభ్రం చేసి, ఎర్ర డై కొట్టి, నానాక తుడిచి, తెల్ల పొడి స్ప్రే చేశాను. పగులుంటే తెలుపు మీద ఎర్రని వెంట్రుక గీత పైకి ఊరుతుంది. ఇరవై నిమిషాలు చూశాను. తెల్లగానే ఉంది. ఇరుసుని ఉంచేశాను. గోటికి మెట్టు తగిలినా, ఎర్ర గీత వెంట్రుకంత కనిపించినా ఆలోచించకుండా మార్చేవాణ్ణి. అప్పుడు కింగ్‌పిన్, బుష్షులు, రీమింగ్ అంతా చేయాలి, అయినా సరే.

కప్‌లు

పాత కప్‌లను హబ్ లోపలి నుంచి డ్రిఫ్టు అనే ఇత్తడి కడ్డీతో, ఒకసారి అటు ఒకసారి ఇటు కొట్టుకుంటూ దించాను. ఒకే వైపు కొడితే కప్ వంకరపడి హబ్ గోడని చెక్కేస్తుంది. కప్ మంచిదిగా కనిపించినా పాత కప్‌లో కొత్త కోన్ వేయను. రెండూ కలిసి దొర్లాల్సినవి, జతగానే మార్చాలి.

కొత్త కప్‌లను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, హబ్‌ని ఓవెన్‌లో వంద డిగ్రీల దాకా వేడి చేశాను. పాత కప్ బయటి అంచుని గ్రైండర్ మీద కొంచెం తగ్గిస్తే మంచి దిమ్మె అవుతుంది. కొత్తదాని మీద దాన్ని పెట్టి కొడితే దెబ్బ సమంగా పడుతుంది, కొత్త దారికి సుత్తి తగలదు. కప్ దిగుతున్నంతసేపూ దెబ్బ గంటలా ఖంగుమని మోగుతుంది. అడుగు అంచుకి ఆనగానే ఆ మోత చచ్చి, రాయి మీద కొట్టినట్టు ధన్‌మని వస్తుంది. పెద్ద కప్ దగ్గర ఆ మార్పు స్పష్టంగా విన్నాను. చిన్నదాని దగ్గర విన్నాననే అనుకున్నాను.

షిమ్‌ల లెక్క, నా పొరపాటు

కొత్త స్పేసర్, షిమ్‌లు తెప్పించాను. షిమ్‌లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో 3, 5, 10, 30 మందాల్లో వస్తాయి. కొలిచేటప్పుడు బేరింగులకు గ్రీజు పెట్టను, సీల్ వేయను. పల్చని నూనె రాస్తాను. గ్రీజు రోలర్లను పూర్తిగా జరగనీయదు, సీల్ హబ్‌ని పట్టి లాగుతుంది. రెండూ కొలతని చెడగొడతాయి.

మాన్యువల్ చెప్పే మొదటి మెట్టు ఇది. షిమ్‌లు లేకుండా, స్పేసర్ ఒక్కటే వేసి, హబ్ తిప్పుతూ బేరింగులు పట్టేసేదాకా నట్ బిగించాలి. తర్వాత విప్పి, వదులు ఎక్కువయ్యేట్టు షిమ్‌లు వేసి కొలవాలి. ఆ రోజు నేను మొదటి మెట్టు వదిలేశాను. కప్‌లు ఎలాగూ అడుగుకి ఆనాయి కదా అనుకున్నాను.

30, 10, 5 మందాల షిమ్‌లు వేశాను, మొత్తం 45. నట్‌ని 54 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలుపెట్టి పిన్ రంధ్రానికి గాడి కలిసేదాకా బిగించాను. సన్నని కదలికని కొలిచే డయల్ గేజ్‌ని డిస్కు మీద అయస్కాంతంతో నిలిపి, ముల్లుని స్టబ్ యాక్సిల్ చివర ఆనించాను. డిస్కుని మూడు, తొమ్మిది గంటల చోట్ల పట్టుకుని, లోపలికి నొక్కుతూ నాలుగు చుట్లు తిప్పి ఒక రీడింగు, బయటికి లాగుతూ నాలుగు చుట్లు తిప్పి ఇంకో రీడింగు తీశాను. తిప్పకుండా ఊరికే లాగి తోస్తే రోలర్లు తమ చోట్లో కూర్చోవు. ఊపినా తప్పే, ఒరుగు కూడా కొలతలో కలుస్తుంది. మూడుసార్లు తీస్తే మూడుసార్లూ 0.36 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే వెయ్యో వంతుల్లో 14. నాకు కావాల్సింది 3. పదకొండు తీసేయాలి, 34 మిగలాలి. రెండు 10లు, ఒక 5, మూడు 3లు వేసి మళ్లీ కొలిచాను. 0.08. అచ్చంగా కావాల్సినంత.

గ్రీజు పెట్టి, సీల్ వేసి, అంతా బిగించి ఐదు కిలోమీటర్లు నడిపాను. తిరిగొచ్చాక మళ్లీ కొలవడం నాకు నియమం. ముల్లు 0.20 చూపించింది. ఐదు కిలోమీటర్లకు ఏ కొత్త బేరింగూ అంత అరగదు.

హబ్ తీసి, చిన్న కప్ వెనక అంచు దగ్గర అంతకుముందు నేను గీసిన పెన్సిలు గుర్తు చూస్తే తెలిసింది. కప్ వెంట్రుకవాసి కిందకి దిగింది. అంటే నేను సుత్తితో దించినప్పుడు అది పూర్తిగా ఆనలేదు. పైకి నిలిచి ఉన్న కప్ రోలర్లను ముందే పట్టుకుంటుంది కాబట్టి వదులు తక్కువగా కనిపించింది. రోడ్డు మీద బరువు పడ్డాక కప్ తన చోటుకి దిగింది, అసలు వదులు బయటపడింది. షిమ్‌లు లేకుండా పట్టేసేదాకా బిగించమని మాన్యువల్ రాసింది ఇందుకే. సుత్తికి దిగని చివరి వెంట్రుకవాసిని ఆ నట్ బిగువు దించుతుంది. తెలిసిన పనే కదా అని వదిలేశాను. ఐదు కిలోమీటర్ల తర్వాత కొలిచే నియమం లేకపోతే, పెడల్ లోపలికి పోయే కారునే మళ్లీ ఆయన చేతిలో పెట్టేవాణ్ణి.

మళ్లీ మొదటి నుంచి వచ్చాను. గ్రీజు కడిగి, స్పేసర్ ఒక్కటే వేసి, హబ్ బరువుగా తిరిగేదాకా బిగించి, విప్పాను. మొత్తం 34 మందం షిమ్‌లే వేసి కొలిస్తే 0.20 అలాగే ఉంది. ఇక కప్ దిగడానికి ఏమీ మిగల్లేదు. షిమ్‌లలోంచి 5ని ఒక్కదాన్ని తీశాను. 0.07.

గ్రీజు

దీని మీద ఎన్ని అభిప్రాయాలున్నా నేను వాడేది డిస్కు బ్రేకుల వేడికి తట్టుకునే లిథియం కాంప్లెక్స్ గ్రీజు, గట్టిదనం రెండో నంబరు. పాత గ్రీజు ఏదో తెలియదు కాబట్టి ఆనవాలు లేకుండా కడగాలి. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు నీళ్లలా కారిపోతాయి.

కోన్‌కి పైపైన పూస్తే చాలదు. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, కోన్ వెడల్పు అంచుని దాంట్లోకి గుచ్చి అరచేతి మడమకేసి లాగాలి. పది పదిహేనుసార్లు లాగితే రోలర్ల మధ్య నుంచి, అవతలి సన్నని వైపు చిన్న చిన్న పురుగుల్లా గ్రీజు బయటికి వస్తుంది. అప్పుడు కోన్‌ని కొద్దిగా తిప్పి పక్క రోలర్ల దగ్గర మళ్లీ మొదలు. చుట్టూ పురుగులు వచ్చాకే నిండినట్టు. హబ్ లోపలి గోడకి ఒక పూత, సీల్ పెదవికి ఒక పూత. గ్రీజు క్యాప్ నింపను. వేడికి గ్రీజు ఉబ్బితే దారి వెతుక్కుంటూ సీల్ దాటి డిస్కు మీదకి వస్తుంది. సీల్ పెదవి బేరింగు వైపు చూడాలి, వీపు హబ్ అంచుతో సమంగా ఉండాలి.

నట్‌ని 54 న్యూటన్ మీటర్లకు బిగించాక పిన్ రంధ్రం కనబడకపోతే ఇంకా బిగిస్తానే తప్ప వెనక్కి తిప్పను. మాన్యువల్ 95 దాకా అంత వెడల్పైన హద్దు ఇచ్చింది అందుకే. ఈసారి 70 దగ్గర గాడి కలిసింది. కొత్త స్ప్లిట్ పిన్, కాలిపర్ బోల్టులకు కొత్త లాక్ ప్లేటు. చక్రం బిగించి, కారు కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాను. విప్పేటప్పుడు ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి. ఇది మర్చిపోతే కారు బయటికి వస్తూనే బ్రేకు అందదు.

కుడి వైపు

కుడి హబ్ కూడా విప్పాను, పోల్చి చూడటానికి. నట్ గట్టిగా ఉంది, స్పేసర్, షిమ్‌లు చోట్లో ఉన్నాయి, ఎండ్ ఫ్లోట్ 0.06. రోలర్లని విప్పకుండా, కేజ్‌లోనే ఉంచి భూతద్దంతో చూస్తే, పెద్ద కోన్ అడుగున మాత్రం సన్నటి మసక పట్టీ కనిపించింది. పై సగం కొత్తదానిలా మెరుస్తోంది. ఏళ్ల తరబడి ఒకే చోట నిలబడి ఒకే దిక్కున బరువు మోసిన కోన్ అది. ఎడమ వైపు మూడు దిక్కులా మచ్చలున్న కోన్‌ని దీని పక్కన బల్ల మీద పెట్టి యజమానికి చూపించాను. స్పేసర్ చేసే పని గురించి నేను ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఎలాగూ విప్పారు కదండీ, ఇటు కూడా కొత్తవి వేసేయండి" అన్నారు. వద్దన్నాను. దొర్లే దారి మీద పొర లేవలేదు, గరగర లేదు, కొలత హద్దులో ఉంది. కొత్తవి వేస్తే షిమ్‌ల లెక్క మళ్లీ మొదటి నుంచి రావాలి, ఎందుకంటే ఒక్కో బేరింగు ఎత్తులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. బాగా సర్దుకున్న జతని వయసైందన్న ఒక్క కారణంతో విడదీయడం నాకు ఇష్టం ఉండదు. కడిగి, కొత్త గ్రీజు, కొత్త సీల్ వేసి, అవే షిమ్‌లతో, అవే కప్‌లలోకి అవే కోన్లు పెట్టాను.

అదే రోడ్డు మీద మళ్లీ నడిపాను. కుడికి తిప్పినా ఎడమకు తిప్పినా టైరు చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. మలుపులు వరసగా తిరిగి, సూటి రోడ్డు రాగానే బ్రేకు తొక్కాను. పెడల్ మొదటిసారికే పైన నిలబడింది. ఐదు వందల కిలోమీటర్లు నడిచాక ఆయన కారు తెచ్చారు. ఎడమ ముందు చక్రం 0.08, కుడి 0.06. గ్రీజు క్యాప్ చుట్టూ తడి లేదు, డిస్కు వెనక మరక లేదు. ఎడమ హబ్ షిమ్‌లు 10, 10, 3, 3, 3 అని, నట్ బిగువు 70 అని, స్పేసర్ సన్నని మొన బయటికి అని అట్టముక్క మీద రాసి, కారు పుస్తకంలో పెట్టి ఇచ్చాను. తర్వాత ఎప్పుడైనా, ఎవరైనా ఆ నట్ విప్పితే వాళ్లకి అది కనబడాలి.